కృత్రిమ మేధస్సు – కాపీహక్కులపై భారత ప్రభుత్వ సంప్రదింపులు

కృత్రిమ మేధస్సు – కాపీహక్కులపై భారత ప్రభుత్వ సంప్రదింపులు అనగా, యంత్రాలకు భాష, సంగీతం, చిత్రకళ నేర్పుటకు ఇతరుల రచనలను వాడుకొనడం చట్టసమ్మతమా కాదా, వాడుకొన్నచో రచయితకు ఏమి చెల్లించాలి అన్న ప్రశ్నలపై 2025లో కేంద్ర వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ క్రింద పనిచేసే పరిశ్రమలు మరియు అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం చేపట్టిన అభిప్రాయ సేకరణ. దేశంలో కాపీహక్కుల చట్టం అమలు ఈ విభాగం పరిధిలోనే ఉన్నది. ఇందులో భాగంగా 2025 ఏప్రిల్ 28న ఒక కమిటీ ఏర్పడింది. ఆ కమిటీ కార్యపత్రం మొదటి భాగం 2025 డిసెంబరు 8న ప్రజాభిప్రాయం కొరకు విడుదలయింది. రచయితలు, ప్రచురణకర్తలు, వార్తాసంస్థలు, సంగీత సంస్థలు ఒకవైపు, సాంకేతిక పరిశ్రమ మరొకవైపు నిలిచిన ఈ చర్చ తెలుగు వంటి భాషల రచయితలకు ప్రత్యేకంగా వర్తిస్తుంది.

నేపథ్యం

నేటి భాషా నమూనాలు కోట్లకొలది పుటల పాఠ్యాన్ని చదివి, ఏ పదం తరువాత ఏ పదం వచ్చుటకు అవకాశం ఎక్కువో నేర్చుకొంటాయి. చదవడం అని వాడుకలో అన్నప్పటికీ, కంప్యూటరులో జరిగేది ముందుగా నకలు తీసుకొనడమే. భారత కాపీహక్కుల చట్టం, 1957లోని 14వ సెక్షను ప్రకారం రచన నకలు తీసే హక్కు, ఎలెక్ట్రానిక్ మాధ్యమంలో భద్రపరచే హక్కుతో సహా, రచయితకే చెందుతుంది. అయితే 52వ సెక్షను కొన్ని మినహాయింపులను ఇస్తున్నది. స్వంత అధ్యయనం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల నివేదన కొరకు న్యాయమైన మేరకు వాడుకొనవచ్చును. తరగతి బోధనకు కూడా మినహాయింపు ఉన్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని జిరాక్సు దుకాణంపై విదేశీ ప్రచురణకర్తలు వేసిన దావాలో 2016లో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల పక్షాన తీర్పునిచ్చినది ఈ బోధనా మినహాయింపును ఆధారంగా చేసుకొనియే. ఒక కంపెనీ వాణిజ్య అవసరానికి లక్షలాది గ్రంథాలను యంత్రానికి ఎక్కించడం ఈ మినహాయింపుల క్రిందకు వస్తుందా అన్నది చట్టంలో ఎక్కడా చెప్పబడలేదు. 1957లోగాని, చివరి పెద్ద సవరణ జరిగిన 2012లోగాని శాసనకర్తలు దీనిని ఊహించే అవకాశం లేదు.

పార్లమెంటులో ఈ విషయం మొదట విపులంగా చర్చకు వచ్చినది 2021లో. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన వి.విజయసాయిరెడ్డి అధ్యక్షతన వాణిజ్య వ్యవహారాల స్థాయీ సంఘం ఆ ఏడాది జూలైలో సమర్పించిన 161వ నివేదిక, మేధోసంపత్తి చట్టాలను సమీక్షిస్తూ, కృత్రిమ మేధస్సుకు సంబంధించిన హక్కులకు ప్రత్యేక వర్గం కల్పించవలెనని సిఫారసు చేసింది. ప్రభుత్వం వెంటనే అంగీకరించలేదు. 2024 ఫిబ్రవరిలో రాజ్యసభలో ఇచ్చిన సమాధానంలో ఉన్న చట్టమే చాలునని, ప్రత్యేక హక్కుల అవసరం లేదని పేర్కొన్నది.

పరిస్థితి మారుటకు కారణం న్యాయస్థానం. 2024 నవంబరులో ఎ.ఎన్.ఐ. వార్తాసంస్థ, తన వార్తలను అనుమతి లేకుండా శిక్షణకు వాడుకొన్నదని ఆరోపిస్తూ చాట్‌జీపీటీ నిర్మాత అయిన ఓపెన్ఎఐ సంస్థపై ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. తన సర్వర్లు భారతదేశంలో లేవు గనుక ఈ కోర్టుకు విచారణాధికారం లేదని కూడా ఓపెన్ఎఐ వాదించింది. న్యాయస్థానం తనకు సహాయపడుటకు ఇద్దరు నిపుణులను నియమించింది. భారతీయ ప్రచురణకర్తల సమాఖ్య, డిజిటల్ వార్తా ప్రచురణకర్తల సంఘం, సంగీత పరిశ్రమ సంస్థలు తమ వాదన కూడా వినవలసిందిగా కోరాయి. ఒక వార్తాసంస్థ దావాగా మొదలైనది ఆ విధంగా రచనావృత్తులన్నిటి సమస్యగా మారింది.

కమిటీ, కార్యపత్రం

విభాగపు అదనపు కార్యదర్శి హిమానీ పాండే అధ్యక్షతన ఎనిమిది మంది సభ్యులతో కమిటీ ఏర్పడింది. ఇందులో ప్రభుత్వ అధికారులతో పాటు న్యాయ నిపుణులు, పరిశ్రమ ప్రతినిధి ఉన్నారు. కమిటీ రెండు వర్గాలవారితో విడివిడిగా సంప్రదింపులు జరిపింది. సాంకేతిక సంస్థలలో అధికభాగం శిక్షణకు చట్టబద్ధమైన మినహాయింపు కోరగా, రచనలు, సంగీతం, చలనచిత్రాలు, వార్తల రంగాలవారు స్వచ్ఛంద ఒప్పందాలే సరియైన మార్గమని చెప్పారు. కమిటీ రెండింటినీ కాదని మూడవ మార్గాన్ని ఎంచుకొన్నది. కార్యపత్రానికి పెట్టిన శీర్షికలోనే, ఒకే దేశం, ఒకే లైసెన్సు, ఒకే చెల్లింపు అన్న భావం ఉన్నది.

అభిప్రాయాలు పంపుటకు తొలుత 30 రోజుల గడువు ఇచ్చి, తరువాత పొడిగించారు.

ప్రతిపాదన సారాంశం

కార్యపత్రం సూచించిన విధానం ప్రకారం, చట్టసమ్మతంగా అందుబాటులో ఉన్న ఏ రచననైనా కృత్రిమ మేధస్సు సంస్థలు శిక్షణకు వాడుకొనవచ్చును. ఇందుకు ప్రతి రచయిత అనుమతి విడివిడిగా తీసుకొననవసరం లేదు. నా రచన వద్దు అని నిరాకరించే హక్కు రచయితకు ఉండదు. దానికి బదులుగా రాయల్టీ పొందే హక్కు చట్టం ద్వారా లభిస్తుంది. శిక్షణ జరిగినప్పుడు కాక, ఆ నమూనాను వ్యాపారానికి పెట్టి ఆదాయం వచ్చినప్పుడు మాత్రమే చెల్లింపు ఉంటుంది. ఆదాయంలో ఎంత శాతం అన్నది ప్రభుత్వం నియమించే కమిటీ నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేయవచ్చును. ఇదివరకే శిక్షణ పొంది వ్యాపారంలో ఉన్న నమూనాలకు కూడా ఈ బాధ్యత వర్తింపజేయవలెనని కార్యపత్రం భావించింది.

వసూలుకు ఒకే ఒక లాభాపేక్ష లేని సంస్థ ఉంటుంది. కార్యపత్రం దీనిని కృత్రిమ మేధస్సు శిక్షణకై కాపీహక్కు రాయల్టీల సమాఖ్య అన్న అర్థం గల పేరుతో, పొడి అక్షరాలలో సి.ఆర్.సి.ఎ.టి. అని పిలిచింది. హక్కుదారుల సంఘాలు దీనిలో సభ్యులుగా ఉంటాయి. వసూలయిన సొమ్మును ఆ సంఘాలు తమ సభ్యులకు పంచుతాయి. ఏ సంఘంలోనూ సభ్యుడు కాని రచయిత కూడా తన రచనను నమోదు చేసుకొన్నచో వాటా పొందవచ్చును.

ఇటువంటి పద్ధతి భారత చట్టానికి పూర్తిగా క్రొత్తది కాదు. 2012 సవరణ ద్వారా వచ్చిన 31డి సెక్షను క్రింద రేడియో సంస్థలు పాటల హక్కుదారుని అనుమతి కోరకుండానే, నిర్ణయింపబడిన రుసుము చెల్లించి పాటలు ప్రసారం చేయవచ్చును. అయితే రేడియోలో ఏ పాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క ఉంటుంది.

నిజామాబాదు, బోధన్ చక్కెర ప్రాంతం పాఠకులకు ఈ విధానాన్ని చెరకు ఉదాహరణతో సులభంగా చెప్పవచ్చును. 1937లో స్థాపింపబడిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడేవరకు, దాని పరిధిగా కేటాయించిన గ్రామాల రైతు చెరకును ఆ కర్మాగారానికే తోలవలసి ఉండేది. ధరను రైతు గాని, కర్మాగారం గాని బేరమాడి తేల్చుకొనరు. కనీస ధరను కేంద్రం ప్రకటిస్తుంది. చెరకు అందిన 14 రోజులలో డబ్బు చెల్లించవలెనని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెప్పుచున్నది. అమ్మను అనే స్వేచ్ఛ తగ్గి, ధరకు హామీ దొరకడం రెండు చోట్లా ఒకటే. భేదం మాత్రం కాటా దగ్గర వస్తుంది. బండి చెరకు ఎన్ని టన్నులో కాటా చెప్పగలదు. ఒక నమూనా చెప్పిన సమాధానంలో ఏ గ్రంథం పాలు ఎంత అన్నది తూచే సాధనం ఇంతవరకు లేదు. అందువల్లనే కార్యపత్రం రచనకు ఇంత అని కాక, మొత్తం ఆదాయంలో శాతం అన్నది. ఆ మొత్తాన్ని లక్షలాది రచయితల మధ్య ఏ ప్రాతిపదికపై పంచాలన్నదే ఈ ప్రతిపాదనలో అన్నిటికంటే కష్టమైన భాగం. విమర్శకులలో పలువురు ఇక్కడే వేలు పెట్టి చూపారు.

భిన్నాభిప్రాయాలు

సాఫ్ట్‌వేర్ పరిశ్రమ సంఘమైన నాస్కామ్ కమిటీ అభిప్రాయంతో విభేదించింది. చట్టసమ్మతంగా లభించే పాఠ్యాన్ని, దత్తాంశాన్ని విశ్లేషించుటకు మినహాయింపు ఇవ్వాలని, ఇష్టంలేని హక్కుదారులు యంత్రాలు గుర్తించగల సంకేతం ద్వారా తమ రచనలను మినహాయించుకొనే వీలు కల్పించాలని సూచించింది. తప్పనిసరి చెల్లింపు క్రొత్త సంస్థలకు భారమవుతుందన్నది పరిశ్రమ వాదన.

మినహాయించుకొనే పద్ధతిని కమిటీ తిరస్కరించుటకు చెప్పిన కారణం గమనింపదగినది. పెద్ద ప్రచురణ సంస్థ తన వెబ్‌సైటులో అటువంటి సంకేతం పెట్టగలదు. చిన్న రచయితకు ఆ జ్ఞానం గాని, తన ఆజ్ఞ పాటింపబడుతున్నదో లేదో కనిపెట్టే శక్తి గాని ఉండదు. పైగా ఒక రచన ఒకసారి ఇతరుల సైటులోకి ప్రాకిన తరువాత మూలంలో పెట్టిన సంకేతం పనిచేయదు. ఈ తర్కం బలమైనదే. కాని దానినుండి, ఎవరికీ నిరాకరించే హక్కు ఉండరాదన్న నిర్ణయానికి రావడం వేరొక అడుగు. తన భక్తి రచననో, ఆత్మకథనో, మరణించిన బిడ్డపై వ్రాసిన స్మృతికావ్యాన్నో ఎంత డబ్బిచ్చినా యంత్రానికి ఇవ్వనని అనే రచయితకు ఈ విధానంలో చోటు లేదు. రచన వక్రీకరణకు గురికాకుండా కాపాడే 57వ సెక్షను నైతిక హక్కు అట్టివారికి ఎంతవరకు ఉపయోగపడునన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం.

తెలుగు రచనలకు వర్తింపు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు. భాషల వరుసలో ఇది నాల్గవ స్థానం. జనసంఖ్యతో పోల్చినచో అంతర్జాలంలో తెలుగు పాఠ్యం చాలా తక్కువ. అందువల్ల తెలుగు నేర్వదలచిన యంత్రానికి దొరికే ప్రతి పుస్తకం, ప్రతి పత్రిక, ప్రతి విజ్ఞాన సర్వస్వ వ్యాసం విలువైనదే. కేంద్రం 2022లో ప్రారంభించిన భాషిణి, 2024 మార్చిలో రూ. 10,372 కోట్ల వ్యయంతో ఆమోదం పొందిన ఇండియా ఎఐ మిషన్ భారతీయ భాషలలో నమూనాలను ప్రోత్సహించుటకు ఉద్దేశించినవి. హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ విద్యార్థి కార్యకర్తల సహాయంతో తెలుగు కథలను సేకరించి ఒక చిన్న తెలుగు నమూనాను తయారుచేసింది. ఈ ప్రయత్నాలకు పాఠ్యం ఎక్కడనుండి రావలెను అన్న ప్రశ్న వెంటనే కాపీహక్కు ప్రశ్నగా మారుతుంది.

తెలుగులో రచయిత స్వంత ఖర్చుతో పుస్తకం అచ్చువేయించుకొని, కొన్ని ప్రతులు గ్రంథాలయాలకు, మిగిలినవి మిత్రులకు ఇచ్చుకొనడం సామాన్యం. ధర్పల్లి వంటి మండల కేంద్రంలో ఒకరు తమ ప్రాంతపు చెరువులు, గుడులు, ఇంటిపేర్ల చరిత్ర వ్రాసి 500 ప్రతులు వేయించారనుకొందాం. ఆ పుస్తకం ఎవరో స్కాను చేయగా అంతర్జాలంలోకి చేరి, అక్కడనుండి ఒక నమూనాలోకి చేరుతుంది. తరువాత ఎవరైనా ఆ ప్రాంతం గురించి అడిగినప్పుడు సమాధానం వస్తుంది, రచయిత పేరు రాదు. ప్రతిపాదిత విధానంలో ఈ రచయిత వాటా పొందవలెనన్నచో మొదట ఆ విషయం తెలియవలెను, ఆపైన రచనను నమోదు చేసుకొనవలెను. సినిమా పాటల రచయితలకు 1969లో ఏర్పడిన ఐ.పి.ఆర్.ఎస్. వంటి సంఘం ఉన్నది. 2012 సవరణ తరువాత సినిమాలో వాడిన తమ పాటలకు వచ్చే రాయల్టీ వాటాను వారసులకు, కాపీహక్కు సంఘానికి తప్ప ఇతరులకు వ్రాసి ఇచ్చుటకు వీలు లేదు కూడా. తెలుగు కథకులు, స్థానిక చరిత్రకారులు, అనువాదకులకు అటువంటి సంఘటిత వసూలు అలవాటు లేదు. సంఘం లేని భాషకు, సంఘం లేని ప్రక్రియకు రావలసిన వాటా సంఘం ఉన్నవారి వైపు జారిపోకుండా చూడడం నియమావళిలో వ్రాయవలసిన మొదటి మాట.

నిజామాబాదు జైలులోని ఇద్దరు రచయితలు

కాపీహక్కు కాలపరిమితి శిక్షణ విషయంలో ఎంత ముఖ్యమో నిజామాబాదు చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉన్నది. నిజాం పాలన చివరి దినాలలో వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి కృష్ణమాచార్యులు ఇద్దరూ నిజామాబాదు ఖిల్లా జైలులో బందీలుగా ఉన్నారు. దాశరథి అక్కడి గోడలపై బొగ్గుతో పద్యాలు వ్రాసినది ప్రసిద్ధం. ప్రజల మనిషి నవల రచించిన ఆళ్వారుస్వామి 1961 ఫిబ్రవరి 5న మరణించారు. దాశరథి 1987 నవంబరు 5న మరణించారు.

22వ సెక్షను ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుండి 60 ఏండ్లు కాపీహక్కు ఉంటుంది. కనుక ఆళ్వారుస్వామి తన జీవితకాలంలో ప్రచురించిన రచనలపై హక్కు 2021 డిసెంబరు 31తో ముగిసింది. వాటిని ఎవరైనా అచ్చువేయవచ్చును, యంత్రానికి నేర్పవచ్చును. ఎవరికీ ఏమీ చెల్లించనక్కరలేదు. దాశరథి రచనలపై హక్కు 2047 డిసెంబరు 31 వరకు ఉంటుంది. ఒకే జైలులో ఉన్నవారిలో ఒకరి వచనం సర్వజనుల సొత్తు కాగా, మరొకరి పద్యం వారసుల సొత్తు. కార్యపత్రం ప్రతిపాదన చట్టరూపం దాల్చినచో దాశరథి రచనలకు రాయల్టీ వర్తిస్తుంది, ఆళ్వారుస్వామి రచనలకు వర్తించదు. గురజాడ అప్పారావు, సురవరం ప్రతాపరెడ్డి వంటివారి రచనలు కూడా ఇప్పటికే హక్కుల పరిధి దాటినవి. శ్రీశ్రీ, చలం, విశ్వనాథ సత్యనారాయణ రచనలు దాటలేదు. తెలుగు నమూనాలు హక్కులు తీరిన పాత గ్రంథాలపైననే ఆధారపడినచో వాటి భాష కూడా పాతదిగా ఉండునన్నది పరిశ్రమ చెప్పే మాటలలో కొట్టివేయరానిది.

జానపద కళలు

బోధన్ మండలం అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ చిందు భాగవతం కళాకారిణిగా పేరుపొందారు. ఇటువంటి సంప్రదాయ ప్రదర్శనలో పాఠానికి ఒక రచయిత ఉండడు. అది తరతరాలుగా ఒక సముదాయం నోట నిలిచినది. కాపీహక్కు చట్టం దానికి యజమానిని చూపలేదు. ప్రదర్శించిన కళాకారునికి మాత్రం 38వ సెక్షను క్రింద ప్రదర్శకుని హక్కు ఉన్నది. అది ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం నుండి 50 ఏండ్లు ఉంటుంది. రికార్డింగు చేసిన సంస్థకు ఆ రికార్డింగుపై వేరుగా కాపీహక్కు ఉంటుంది. ఆచరణలో కళాకారుల చేతిలో కాగితం ఏదీ ఉండదు. చిందు, ఒగ్గు, శారద కథల రికార్డింగులతో యంత్రం పాడడం నేర్చినచో, రికార్డింగు స్వంతదారునికి వాటా దొరకవచ్చును గాని ఆ కథను కాపాడిన కులవృత్తుల సముదాయానికి దొరికే మార్గం ప్రస్తుత చట్టంలో లేదు.

కంఠస్వరం, రూపం

కంఠస్వరం కాపీహక్కుల చట్టంలో రచన కాదు. అయినను తెలుగునాట కృత్రిమ మేధస్సు గురించి సామాన్య ప్రజలు మొదట చర్చించుకొన్నది ఒక గొంతు విషయమై. 2020 సెప్టెంబరు 25న మరణించిన గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం స్వరాన్ని 2023లో విడుదలయిన కీడా కోలా చిత్రంలో యంత్ర సహాయంతో పునఃసృష్టించారు. కుటుంబం అనుమతి తీసుకొనలేదని పేర్కొంటూ ఆయన కుమారుడు ఎస్.పి.చరణ్ 2024 ఆరంభంలో చిత్ర నిర్మాతలకు, సంగీత దర్శకునికి న్యాయవాది ద్వారా నోటీసు పంపారు. క్షమాపణ, నష్టపరిహారం, రాయల్టీలో వాటా కోరారు. 2025 సెప్టెంబరులో నటుడు నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుండి, చిరంజీవి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు నుండి తమ పేరు, రూపం, స్వరాలను అనుమతి లేకుండా వాడరాదని మధ్యంతర ఉత్తర్వులు పొందారు. ఇవి వ్యక్తిత్వ హక్కుల క్రింద వచ్చిన ఉత్తర్వులు. కోర్టు ఖర్చు భరించగల ప్రముఖులకు ఈ మార్గం ఉన్నది. డబ్బింగు కళాకారులకు, పల్లె గాయకులకు ఆచరణలో అందదు. శిక్షణకే పరిమితమైన కార్యపత్రం మొదటి భాగం ఈ సమస్యను తీర్చదు.

ఇతర దేశాలలో

జపాను 2018లో తన చట్టాన్ని సవరించి, రచనను ఆస్వాదించుటకు కాక సమాచార విశ్లేషణకు వాడుకొనడాన్ని విస్తృతంగా అనుమతించింది. సింగపూరు 2021 చట్టంలో ఇంచుమించు అదే మార్గం అవలంబించింది. ఐరోపా సమాఖ్య 2019 ఆదేశంలో మినహాయింపు ఇస్తూనే హక్కుదారులు తప్పుకొనే వీలు ఉంచింది. అమెరికాలో కాపీహక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అభిప్రాయాలు కోరగా 10,000కు పైగా వచ్చాయి. అక్కడ శిక్షణ న్యాయమైన వాడుక అవునా అన్నది దావా తరువాత దావాగా తేలుతున్నది. 2025లో ఆంత్రోపిక్ సంస్థపై రచయితలు వేసిన దావాలో, కొనుగోలు చేసిన పుస్తకాలతో శిక్షణ న్యాయమైన వాడుకేనని న్యాయమూర్తి చెప్పారు. దొంగప్రతులను సేకరించి దాచుకొనడం మాత్రం కాదన్నారు. ఆ రెండవ అంశంపై సంస్థ 150 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకొన్నది. ఇది పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు.

బ్రిటనులో 2024 డిసెంబరు 17 నుండి 2025 ఫిబ్రవరి 25 వరకు జరిగిన సంప్రదింపులకు 11,500కు పైగా స్పందనలు వచ్చాయి. గడువు ముగిసిన రోజున 1,000 మందికి పైగా సంగీతకారులు పాట లేని, ఖాళీ స్టూడియోల నిశ్శబ్దం మాత్రమే ఉన్న ఒక ఆల్బమును నిరసనగా విడుదల చేశారు. మన దేశంలో అభిప్రాయాలు తెలిపినవారు ప్రధానంగా సంఘాలు, సంస్థలు, న్యాయవాదులు. కార్యపత్రం ఆంగ్లంలో వెలువడింది. న్యాయ పరిభాషతో నిండిన అట్టి పత్రాన్ని చదివి 30 రోజులలో సమాధానం వ్రాయడం ప్రాంతీయ భాషా రచయితకు సులభమైన పని కాదు.

రెండవ భాగం

యంత్రం తయారుచేసిన రచనకు కాపీహక్కు ఉంటుందా, ఉన్నచో ఎవరిది అన్న ప్రశ్నను కార్యపత్రం రెండవ భాగానికి విడిచిపెట్టారు. 1994 సవరణతో చేరిన 2(డి)(6) నిబంధన, కంప్యూటరు ద్వారా ఉత్పన్నమైన రచనకు ఆ రచన జరుగుటకు కారకుడైన వ్యక్తిని రచయితగా పేర్కొంటున్నది. కారకుడు ఎవరన్న దానిపై స్పష్టత లేదు. ఆజ్ఞ ఇచ్చినవాడు కావచ్చును, యంత్రాన్ని నిర్మించిన సంస్థ కావచ్చును. 2020లో సూర్యాస్త్ అనే చిత్రానికి రాఘవ్ అనే సాఫ్ట్‌వేరును సహరచయితగా చూపిన దరఖాస్తును కాపీహక్కుల కార్యాలయం నమోదు చేసింది. 2021లో ఆ నమోదును ఉపసంహరించే నోటీసు ఇచ్చింది.